మా తోడల్లుడి నిద్రపరీక్ష

మా తోడల్లుడికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడ ఏసీ బిగించడానికి వెళ్ళినా ముందు దుప్పటి పరుస్తాడు, పడుకుంటాడు, గురక పెడతాడు. లోకంలో మెకానిక్కులందరూ పని అయ్యాక అలసిపోయి నడుం వాలుస్తారు. ఈయన పని మొదలుకాక ముందే పడుకుని, మిషను స్టార్టయ్యాక లేస్తాడు. మధ్యలో జరిగే చాకిరీ అంతా పక్కన నిలబడ్డ అమాయకుడిది. పేరు మాత్రం ఆ పడుకున్న మహానుభావుడిది. ఆ అమాయకుణ్ణి నేనే.

ఉక్కలో ఉడికిపోయే జనానికి చల్లదనం అందించడం నా వృత్తి. నేను బిగించిన ఏసీ కింద కూర్చుని తగువు చల్లారిపోయి, వేరుపడదామనుకున్న అన్నదమ్ములు మళ్ళీ ఒకే కంచంలో తిన్నారు. నేను గాలి దిశ సరిచేసిన ఒక ఇంట్లో గోడమీద బల్లి వణికిపోయి కర్టెన్ కప్పుకుంది. అంతటి వాణ్ణి. కానీ మా తోడల్లుణ్ణి తలుచుకుంటే నా కడుపులో లేచే మంట ఉంది చూశారూ, దాన్ని చల్లార్చే మిషను ఇంతవరకూ ఏ కంపెనీవాడూ తయారుచెయ్యలేదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. అసలు నేను పెద్ద చదువులు చదవాల్సినవాణ్ణి. కాలేజీలో నేను అడిగే ప్రశ్నలకి తట్టుకోలేక లెక్చరర్లు ఒకరి వెనక ఒకరు సెలవు పెట్టేవారు. ఇంకా చదివితే పాపం కాలేజీయే మూతపడుతుందని జాలిపడి నేనే మానేశాను. ఫొటో స్టూడియోలో చేరితే, నేను తీసిన ఫొటోల్లో మనుషులు మరీ అందంగా వచ్చి, ఇంట్లోవాళ్ళే గుర్తుపట్టక గొడవలయ్యాయి. అదీ మానేశాను. టైలరింగ్ నేర్చుకుంటే, నేను కుట్టిన చొక్కాలు చిరక్కపోవడంతో దుకాణానికి బేరాలు పడిపోయాయి. ఆ యజమాని నా కాళ్ళమీద పడి పంపించేశాడు. ఇలా నా ప్రతిభే నాకు శత్రువైంది.

మా ఆవిడ మాత్రం ఈ చరిత్రని వేరే విధంగా చెబుతుంది.

"ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ వచ్చారు. ఇక వదలడానికి నేనొక్కదాన్నే మిగిలాను. ఆ ఉద్దేశం ఉంటే ముందే చెప్పండి, మా నాన్నకి కబురు పెడతాను" అంది ఒకరోజు.

వాళ్ళ నాన్నకి కబురు వెళ్ళనే వెళ్ళింది. మా మామగారిది ఏసీల షాపు. అమ్మడం, బిగించడం, బాగుచెయ్యడం అన్నీ వాళ్ళే. మా ఆవిడ అక్కయ్య మొగుడు, అంటే మా తోడల్లుడు, అక్కడ హెడ్ మెకానిక్కు. పని నేర్చుకోమని నన్ను ఆయన చేతికింద వేశారు. ఇంట్లో మామగారు నన్ను "అల్లుడుగారూ, మీరు" అనేవారు. షాపు గడప దాటగానే ఆ 'గారు' రాలి గుమ్మంలోనే పడిపోయేది.

"ఏవయ్యా, ఆ స్టూలు ఇలా జరుపు" అనేవారు. పెద్దల్లుణ్ణి మాత్రం ఇంట్లో ఎలా పిలిచేవారో షాపులోనూ అలాగే, "నాన్నా, ఓసారి ఇలా రా" అని పిలిచేవారు. మంట అక్కణ్ణించే రాజుకుంది.

షాపులో కొన్నాళ్ళు పైపు ముక్కల మీద చెయ్యి తిరిగాక, ఏసీ బిగించడానికి మొదటిసారి మేం వెళ్ళింది కొత్తగా రంగులు వేసిన ఒక మేడమీది గదికి. ఇంటావిడ గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. మా తోడల్లుడు రాగి పైపు నా చేతికిచ్చి "కొయ్యి తమ్ముడూ" అన్నాడు.

ఇక్కడ పైపు సంగతి చెప్పాలి. ఏసీలో లోపలి పెట్టె ఒకటి, బయట పెట్టె ఒకటి. రెండింటినీ కలిపేవి రాగి పైపులు. పైపు చివరని గంట మూతిలా విప్పి, నట్టుతో బిగించాలి. ఆ మూతి విప్పక ముందే నట్టుని పైపుకి తొడిగి పెట్టుకోవాలి. విప్పాక తొడుగుదామంటే ముడి వేశాక పూస ఎక్కించబోయినట్టే. విప్పిన మూతి కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఈ పని నేర్చుకునే ప్రతివాడూ ఆ నట్టు మరిచిపోతాడంటారు. నేను ఏనాడూ మరిచిపోలేదు. నట్టే నన్ను మరిచిపోయేది.

ఇంకొకటి. నేను పనిచేస్తుంటే ఎవరైనా గుచ్చిగుచ్చి చూస్తే నా చేతులు కాస్త ఊగుతాయి. భయం కాదు. చూసేవాళ్ళ కళ్ళలోంచి ఒకరకం కరెంటు వస్తుంది. అది నాబోటి సున్నితమైన కళాకారులకే తగులుతుంది. ఆ రోజూ అదే జరిగింది. కట్టరు చేతిలోంచి ఎగిరి, గది అంతా మోగిపోయేలా గచ్చుమీద పడింది.

"ఈ కట్టరు జారుడు రకం" అన్నాను.

మా తోడల్లుడు కట్టరు వంక చూడలేదు. నా చేతుల వంక చూశాడు. గుమ్మంలో ఇంటావిడ వంక చూశాడు. తరవాత నోరు బార్లా తెరిచి ఒక ఆవులింత తీశాడు.

"అమ్మా, పాత దుప్పటేదైనా ఉంటే ఇస్తారా?"

"దుప్పటా? ఎందుకు నాయనా?"

"నిద్రపరీక్షకి."

"అదేం పరీక్ష?"

"కాయితం మీద లెక్కలు అబద్ధం చెప్పొచ్చు, ఒళ్ళు చెప్పదమ్మా. ముందు ఈ ఉక్కలో పడుకోవాలి. చెమట పట్టాలి. మిషను స్టార్టయ్యాక చల్లగాలి ఎక్కడ తగిలింది, కాలికా, మెడకా, ఒళ్ళు పట్టుకుంటుంది. గురక పెరిగిందా, గాలి సరిగ్గా పడుతున్నట్టు. మెలకువ వచ్చిందా, మిషను సరిచెయ్యాలి."

ఆవిడ మొహం విప్పారింది. "ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళని నేను చూళ్ళేదు బాబూ. మరి నన్నేం చెయ్యమంటావు?"

"మీరు తలుపు దగ్గరగా వేసి వెళ్ళండమ్మా. ఎవరైనా చూస్తుంటే నిద్ర పట్టదు."

తలుపు పడింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నిట్టూర్పులు, ఒక గురక. అదీ సామాన్యమైన గురక కాదు. శ్రుతి తప్పని గురక. పక్కగదిలో ఎవరో మెల్లగా తంబురా మీటుతున్నట్టుండేది. పసిపిల్లలు విన్నా ఉలిక్కిపడరు. గురకలో కూడా నన్ను మించాలా ఈ మనిషి అని ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే పని మొదలుపెట్టాను. గోడకి కన్నం వేశాను, లోపలి పెట్టె తగిలించాను, పైపు కోశాను. నా చేతులు వెన్నలా కదిలాయి. మూతి విప్పబోతున్నాను. దుప్పటిలోంచి ఒక మూలుగు వచ్చింది.

"న... ట్టూ..."

ఉలిక్కిపడి చూస్తే ఆయన కదల్లేదు. నిద్రలో కలవరింత. ఎందుకో చేతిలో పైపు వంక చూసుకున్నాను. నట్టు లేదు. కలవరింత సంగతి అలా ఉంచి, నా అంతట నేనే గుర్తుపెట్టుకుని తొడిగాను.

ఆ తరవాత పైపుల్లోని గాలీ, చెమ్మా అంతా పంపుతో పీల్చెయ్యాలి. అది పూర్తయ్యాకే గ్యాసు వదలాలి. గ్యాసు కొట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా ఆవిడ నలుగురిలోనూ అంటూ ఉంటుంది గనక, నేను తొందరగా వదలబోయాను. దుప్పటి మళ్ళీ మూలిగింది.

"ఇంకాస్త... పీల్చనీ..."

టీ తాగుతున్నట్టు కల వస్తోంది కాబోలు అనుకున్నాను. ఎలాగూ పంపు ఆడుతోంది కదా అని, నా సొంత నిర్ణయంతో ఇంకాస్త ఆగాను.

స్విచ్చి నొక్కగానే మొదటి చల్లగాలి బయటికొచ్చింది. ఇంటావిడా, పిల్లలూ పరుగెత్తుకొచ్చారు. మొదటి చల్లగాలి తగిలినప్పుడు మనుషుల మొహాలు చూడాలి. కోపిష్టివాళ్ళు కూడా పాలు తాగిన పిల్లల్లా అయిపోతారు. ఆ మొహాలన్నీ ఎటు తిరిగాయి? చెమటలు కక్కుతూ నిలబడ్డ నా వైపా? కాదు. దుప్పటి మడత పెడుతున్న ఆయన వైపు.

"గాలి బ్రహ్మాండంగా ఉందమ్మా. నిద్రలో కాళ్ళు ముడుచుకున్నాను" అన్నాడాయన.

"ఎంత కష్టపడ్డావు నాయనా!" అంది ఆవిడ.

ఇక చూడండి, ఆయన పేరు ఊరంతా పాకిపోయింది. షాపుకి ఫోన్ల మీద ఫోన్లు. "ఆ నిద్ర మేస్త్రీని పంపండి." "పడుకునే ఆయన ఇవాళ లేకపోతే మాకు వద్దు, రేపే పెట్టించుకుంటాం." ఒకాయనైతే "పాత ఏసీ ఉంది, బాగానే పనిచేస్తోంది. ఊరికే వచ్చి ఓ కునుకు తీసి వెళ్తారా, మనసుకి ధైర్యంగా ఉంటుంది" అని అడిగాడు. మా అత్తగారు పెద్దల్లుడి కోసం ప్రత్యేకంగా ఒక మెత్తటి దిండు కుట్టించారు. చిన్నల్లుడికి? ఆ దిండు మోసే భాగ్యం.

ఇందులో ఉన్న విద్యేమిటి, కళ్ళు మూసుకోవడమే కదా అని నేనూ ఒకసారి ప్రయత్నించాను. ఆ రోజు మా తోడల్లుడు వేరే పనిమీద వెళ్ళాడు. నేను ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. దర్జాగా దుప్పటి అడిగాను, నిద్రపరీక్ష గురించి ఉపన్యాసం ఇచ్చాను, తలుపు వేయించి పడుకున్నాను. మా తోడల్లుడికన్నా గాఢంగా నిద్రపోయాను. అందులో అనుమానమే లేదు. సాయంత్రం హెడ్మాస్టరుగారు తట్టి లేపారు.

"బాబూ, ఏసీ ఏదీ?"

పెట్టె అట్టడబ్బాలోనే ఉంది. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. పరీక్షలో నేను ఫస్టున పాసయ్యాను గానీ, బిగించడానికి నాలాంటి అమాయకుడు ఒకడు పక్కన ఉండాలన్న సంగతి తట్టలేదు. ఆయన నా చెవి పట్టుకోబోయి, వయసు చూసి మానేశారు.

అప్పటికీ వదల్లేదు. ఎలాగైనా మా తోడల్లుడి పరువు కాస్త తగ్గించాలని, ఒక ఆదివారం అందరం మామగారింట్లో భోజనాలకి కూర్చున్నప్పుడు సమయం చూసి వదిలాను.

"వదినా, మీకు చెప్పకూడదు గానీ, అన్నయ్య నిద్రలో ఎవరినో పిలుస్తున్నారు."

వదిన చేతిలో గరిటె ఆగింది. "ఎవర్ని?"

"నట్టూ అని."

"నట్టూనా? ఆడా, మగా?"

"ముద్దుపేరులా ఉంది మరి. చాలా ఆప్యాయంగా పిలుస్తున్నారు."

మా తోడల్లుడికి పొలమారింది. నేను లోలోపల మురిసిపోయాను. అంతలో మా అత్తగారు కళ్ళు ఒత్తుకున్నారు. "నిద్రలో కూడా నట్లూ బోల్టులేనా నాయనా! ఎంత అరిగిపోతున్నావో!" అంటూ ఆయన కంచంలో ఇంత గడ్డపెరుగు వేశారు. నా కంచం దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో మీగడ అయిపోయింది. మా ఆవిడ బల్లకింద నా తొడ గిల్లిన గుర్తు వారందాకా ఉంది.

ఇలా ఉండగా ఒకరోజు మామగారు నన్ను షాపు లోపలి గదిలోకి పిలిచారు.

"ఏవయ్యా, ఎన్నాళ్ళు వాడి వెనక దిండు పట్టుకుని తిరుగుతావు?"

"దిండా? పనంతా నేనే చేస్తున్నాను మావయ్యా. ఆయన చేసేది పడుకోవడం."

"అదే మాట నువ్వు టీకొట్టు దగ్గర చెప్పావు, మంగలి దగ్గర చెప్పావు, నిన్న మా బ్యాంకు మేనేజరుకీ చెప్పావు. సరే. పళ్ళ డాక్టరమ్మ కొత్త క్లినిక్కు పెడుతోంది. రేపు నువ్వొక్కడివే వెళ్ళు. నేనొచ్చి కూర్చుంటాను. పైపు కోసిన దగ్గర్నించీ స్టార్టు చేసేదాకా నీ చేతిమీద జరగాలి. చేశావా, ఇకనించి నీ పనులు నీవి, నీ సామాన్ల సంచీ నీది. చెయ్యలేదా, కౌంటర్లో కూర్చుని రిమోట్లలో బ్యాటరీలు మార్చుకో."

ఇదివరకైతే ఇలాంటి చోట నేను గొప్పగా ఒక దణ్ణం పెట్టి బయటికి నడిచేవాణ్ణి. వదిలెయ్యడం నాకు చేతనైన పని. కానీ ఈ పని మాత్రం వదలబుద్ధి కాలేదు. ఆ మొదటి చల్లగాలి తగిలిన మొహాలున్నాయే, అవి ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా వైపు తిరగాలి. అదీ నా కోరిక.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ ఏమీ దెప్పలేదు. అది దెప్పకపోతేనే నాకు భయం. "ఈసారి కథలతో రావద్దు. పని చేసి రండి" అంది, అంతే.

మర్నాడు బయల్దేరుతుంటే మా తోడల్లుడు వీధిలో ఎదురయ్యాడు.

"తమ్ముడూ, నేనూ రానా? ఓ మూల పడుకుంటాను."

"అక్కర్లేదన్నయ్యా. మీరు ఇంట్లోనే హాయిగా పడుకోండి. మామగారు ఇవాళ నా పనితనం కళ్ళారా చూస్తారు."

"కళ్ళారానా?"

"కళ్ళారానే!"

ఆయన మెడ గోక్కుంటూ నిలబడిపోయాడు. కుళ్ళుకుంటున్నాడు అనుకున్నాను. ప్రాణానికి హాయిగా అనిపించింది.

క్లినిక్కులో ఒకటే పెద్ద హాలు. పళ్ళు చూసే కుర్చీలు రెండు, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యకుండా మెరుస్తున్నాయి. గోడవారగా ఒక బల్ల. మామగారు కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని స్టూలు మీద కూర్చున్నారు. డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. నర్సమ్మ బల్ల మీద కూర్చుంది. నిచ్చెన మీద రంగులు వేసే పెయింటరు కుంచె ఆపి మరీ చూస్తున్నాడు. నాలుగు జతల కళ్ళు. నాలుగు జతల కరెంటు. నా చేతులు డోలు వాయించేవాడి చేతుల్లా ఆడాయి.

పైపు కోశాను. మూతి విప్పాను. గంటలా ముచ్చటగా వచ్చింది. బిగిద్దామని చూస్తే నట్టు నా చొక్కా జేబులో ఉంది.

"ఇది నమూనా" అన్నాను గంభీరంగా. మూతి కోసి పారేశాను. మళ్ళీ విప్పాను. ఈసారి నట్టు స్టూలు మీద, మామగారి మోకాలి పక్కన ఉంది. మళ్ళీ కోశాను. ఆ తరవాత నట్టు తొడిగాను గానీ, తలకిందులుగా తొడిగాను. మళ్ళీ కోశాను. మొదట్లో బయట పెట్టె దగ్గర దర్జాగా వంపు తిరిగిన పైపు, కురచ దుప్పటిలా అటు లాగితే ఇటు చాలకుండా తయారైంది.

"అన్నా, పైపు కోస్తున్నావా, చెరుకుగడలా నవుల్తున్నావా?" అన్నాడు పెయింటరు పైనించి.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. మామగారు కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. తిట్టే మనిషి తుడుచుకుంటున్నారంటే అర్థం ఒకటే. కౌంటరు. బ్యాటరీలు.

అప్పుడు తలుపు తోసుకుని మా తోడల్లుడు వచ్చాడు. చంకలో దుప్పటి చుట్ట.

మామగారు కస్సుమన్నారు. "నిన్ను రావద్దన్నానా లేదా?"

"పనికి రాలేదు మావయ్యా. పడుకోవడానికి వచ్చాను."

"ఇవాళ పడుకోవడం లేదు, గిడుకోవడం లేదు. పనంతా అతనే చెయ్యాలి."

"చెయ్యనీండి. నేను చెయ్యి పెడితే నా చెయ్యి విరగ్గొట్టండి. కానీ నిద్రపరీక్ష లేకుండా స్టార్టు చేస్తే రేపు ఊళ్ళో మన షాపు మాటేమవుతుంది?"

డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ నిద్ర మేస్త్రీ మీరేనా? మా పిన్ని ఒకటే చెప్పింది మీ గురించి."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మునిగిపోతున్నవాడి నెత్తిమీద కాలుపెట్టి పేరు కొట్టేసే మనిషిని ఈయన్నే చూశాను.

"అదే తల్లీ ఇబ్బంది. ఇంత పెద్ద హాలు. రెండు కుర్చీలు, ఒక బల్ల, కింద నేల. నేనొక్కణ్ణి ఎన్నిచోట్ల పడుకోను? ఆ కుర్చీలో రేపు పేషెంటు పడుకుంటాడు. గాలి వాడి మొహాన కొడుతుందో, నోట్లో కొడుతుందో ఇవాళే తెలియాలి. మీరు ఆ కుర్చీలో పడుకోండి. మావయ్యా, మీరు ఈ కుర్చీలో."

"నేనా? నేను అతని పని చూడాలయ్యా!"

"మీరు చూడాల్సింది పని కాదు మావయ్యా, గాలి. గాలిని కళ్ళతో చూస్తారా ఎవరైనా? ఒంటితో చూడాలి. పైపు సరిగ్గా బిగిస్తే చల్లగా వస్తుంది, లేకపోతే రాదు. అంతకన్నా పరీక్షేముంది? ఒక్కటే షరతు. మధ్యలో ఎవరు కళ్ళు తెరిచినా పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది."

"ఇన్నేళ్ళుగా అందర్నీ పడుకోబెట్టడమే గానీ, నేనెప్పుడూ ఇలాంటి కుర్చీలో పడుకోలేదు" అంటూ డాక్టరమ్మ చెప్పులు విడిచి కుర్చీ ఎక్కేసింది. ఆడమనిషి ఎక్కాక మామగారు ఎక్కకపోతే బాగోదు. గొణుక్కుంటూ ఎక్కారు. కుర్చీ బుయ్యిమని వెనక్కి వాలింది. "నాకు పళ్ళేమీ పీకరు కదా" అన్నారు బెంగగా. నర్సమ్మ బల్లమీద ఒత్తిగిలింది.

"మరి నేను?" అన్నాడు పెయింటరు.

"నువ్వు అక్కడే కళ్ళు మూసుకో."

"పడి చస్తాను!"

"అయితే దిగొచ్చి గోడకి జేరగిలబడి మూసుకో."

అందరి కళ్ళూ మూతపడ్డాయి. మా తోడల్లుడు నా పక్కన దుప్పటి విప్పాడు. దాని మడతల్లో కొత్త రాగి పైపు చుట్ట ఉంది. దాన్ని నా కాలి దగ్గరికి నెట్టాడు. నా మొహం వంక చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తంబురా మొదలైంది.

హాల్లో నన్ను చూసేవాడు లేడు. నా చేతులు మళ్ళీ నావయ్యాయి. కొత్త పైపు కోశాను. అంచు నున్నగా చేశాను. మూతి విప్పడానికి బిగింపులో పెట్టాను. కలవరింత వస్తుందని చెవులు రిక్కించాను. రాలేదు. ఇవాళ పని మొత్తం నా ఒక్కడి చేతి మీద జరగాలి కదా, మాట సాయం కూడా చెయ్యకూడదు కదా. మాట రాలేదు గానీ, గురక ఆగిపోయింది.

ఊపిరి కూడా బిగబట్టినట్టు ఆగిపోయింది.

పైపు వంక చూశాను. బిగింపులోంచి తీశాను. నట్టు తొడిగాను, ఏ వైపు ఉండాలో ఆ వైపే. మళ్ళీ బిగింపులో పెట్టాను.

గురక మళ్ళీ మొదలైంది.

నా బుర్రలో లైటు వెలగడానికి కాస్త సమయం పట్టింది. మేధావులకి అంతే. ఇంటింటా తలుపులు వేయించిన నిద్ర. ఎవరైనా చూస్తుంటే పట్టని నిద్ర. సరిగ్గా సమయానికి వచ్చే కలవరింతలు. నా చేతుల మీద ఒక్క కన్ను కూడా పడకుండా ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎండల్లో, ఉక్కలో, చెమటలు కారుతున్నా కదలకుండా నిద్ర నటించాడు. ఊరు నిద్ర మేస్త్రీ అంటే అనిపించుకున్నాడు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంత మంచితనం ఈయనకెందుకు? నాకెందుకు తట్టలేదు? మేలు చెయ్యడంలో కూడా నాకన్నా ముందే పరుగెత్తాలా?

ఆ కోపంతోనే పైపులు రెండువైపులా బిగించాను. పంపు పెట్టి, ఎవరూ చెప్పకుండానే, మీటరు ముల్లు కదలకుండా నిలబడేదాకా పీల్చాను. గ్యాసు వదిలి, అతుకుల్లో కారుతోందేమోనని సబ్బు నురగ రాసి బుడగ లేస్తుందేమో చూశాను. లేవలేదు. రిమోటు తీసుకుని నొక్కాను.

మొదట ఏమీ లేదు. తరవాత బయట పెట్టె సన్నగా గుర్రుమంది. లోపలి పెట్టె రెక్క మెల్లగా తెరుచుకుంది. ముందు నర్సమ్మ కొంగు కదిలింది. డాక్టరమ్మ బుగ్గమీద వెంట్రుక ఎగిరింది. "అబ్బా!" అంది పెయింటరు నోరు. ఒక్కొక్కళ్ళే కళ్ళు తెరిచారు. పాలు తాగిన పిల్లల మొహాలు. అవి మా తోడల్లుడి కోసం వెతికాయి. ఆయన గోడ వైపు తిరిగి ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు. చూడ్డానికి అక్కడ ఆయన వీపు తప్ప ఏమీ లేదు. ఆ మొహాలన్నీ ఒకేసారి ఇటు తిరిగాయి. నా వైపు.

ఆ దృశ్యాన్ని వర్ణించడానికి భాష చాలదు గనక వదిలేస్తున్నాను. నేను మాట వదిలేశానంటే అది ఎంత గొప్ప దృశ్యమో మీరే ఊహించుకోండి.

మామగారు మాత్రం కళ్ళు తెరవలేదు. నోరు తెరుచుకుని నిజంగానే నిద్రపోయారు. డాక్టరమ్మ అలవాటు కొద్దీ లోపలికి తొంగిచూసి "వెనక పన్ను ఒకటి పుచ్చిపోయింది" అంది. అందరం కలిసి లేపాం. ఆయన లేచి చేతులు రుద్దుకున్నారు, మిషను కింద నిలబడి అరచెయ్యి పెట్టి చూశారు, బయటికెళ్ళి నట్టు నట్టూ తడిమి చూశారు, తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"రేపు షాపుకి వచ్చేటప్పుడు నీకు నచ్చిన సంచీ కొనుక్కుని రండి" అన్నారు. ఒకే మాటలో 'నీకు' అనీ, 'రండి' అనీ. 'గారు' గుమ్మందాకా వచ్చి తలుపు కొడుతున్నట్టే.

డాక్టరమ్మకి ఇంకా పరీక్ష మీదే ధ్యాస. "ఈ మేస్త్రీగారికి చిన్నప్పట్నించీ ఇలా ఎక్కడపడితే అక్కడ నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"అబ్బే, వాడు మధ్యాహ్నం నడుం వాల్చడం కూడా ఎరగడమ్మా. ఈ చిన్నల్లుడు వెంట వెళ్ళిన రోజునుంచే ఈ నిద్ర పట్టుకుంది. ఇతగాడి గొప్పలు వినలేక ఇలా తప్పించుకుంటున్నాడేమో అనుకున్నాం మేమంతా."

దుప్పటి కింద భుజాలు కదిలాయి. నవ్వో, చలో తెలియదు.

మెట్లు దిగుతుంటే ఆయన్ని పట్టుకున్నాను.

"అన్నయ్యా, నిజం చెప్పండి. మీరు అసలు నిద్రపోతారా?"

"నిద్రదేముంది తమ్ముడూ. వస్తే పోతాం, రాకపోతే లేదు."

"మరి ఆ నట్టు?"

"ఏ నట్టు?"

"కలవరించేవారు కదా!"

"నిద్రలో అన్న మాటలు నాకేం తెలుస్తాయి? ఏమన్నాను? తప్పుగా ఏమీ అనలేదు కదా? మీ వదినకి చెప్పకేం" అంటూ దుప్పటి చంకన పెట్టుకుని గబగబా దిగిపోయాడు.

ఇలాంటి మనిషిని గెలవడం ఎలా? చాలా ఆలోచించాను. చివరికి నాకొక మహత్తరమైన ఉపాయం తట్టింది. తరవాత పనికి, నా కొత్త సంచీ భుజాన వేసుకుని, నేనే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక ముసలాయన చదువుకునే గది. మా తోడల్లుడు దుప్పటి విప్పబోతుంటే లాక్కున్నాను. కుర్చీ తెచ్చి నా ఎదురుగా వేశాను.

"ఇవాళ నిద్ర లేదు, కలవరింతలు లేవు. ఇందులో కూర్చుని, కళ్ళు రెండూ తెరుచుకుని నన్ను చూడండి. ఎంతసేపు చూస్తారో చూడండి."

"నిజంగానా తమ్ముడూ?"

"నిజంగానే. మీ కళ్ళలో ఎంత కరెంటు ఉందో నేనూ చూస్తాను."

ఆయన కూర్చున్నాడు. చూశాడు. చేతులు కాస్త ఆడాయి, కాదనను. ఆడనిచ్చాను. పైపు కోశాను. నట్టు తొడిగాను. మూతి విప్పాను. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఇన్నాళ్ళూ గోడవైపు తిప్పుకున్న మొహం కదా, ఆ వెలుగు చూడ్డం నాకదే మొదటిసారి. పంపు పెట్టాను. అది సన్నగా జోలపాటలా ఆడసాగింది. ఇక మేలుకుని నన్ను కాపాడాల్సిన అవసరం లేదనుకున్నాడో ఏమో, ఆయన తల మెల్లగా పక్కకి వాలింది. నిజంగా నిద్రపోయాడు.

ఆ తరవాత వచ్చింది గురక. అసలైన గురక. తంబురా లేదు, శ్రుతి లేదు. రాళ్ళ లారీ ఎత్తు ఎక్కలేక వెనక్కి జారుతున్నట్టు ఒక చప్పుడు. కిటికీ అద్దాలు కదిలాయి. గూట్లో పుస్తకం ఒకటి కిందపడింది. ముసలాయన "పంపు పేలిందా?" అంటూ చేతికర్రతో పరుగెత్తుకొచ్చాడు.

"పంపు కాదు తాతగారూ, మా అన్నయ్య" అన్నాను.

ఇన్నాళ్ళూ నేను విన్నది ఎంత మర్యాదగల గురకో అప్పుడు తెలిసింది. అది వింటూ అక్కడే నిలబడ్డాను. నా జీవితంలో మొదటిసారి మా తోడల్లుణ్ణి చూస్తే నాకు కుళ్ళు కలగలేదు. మా వదిన మీద మాత్రం చెప్పలేనంత జాలి కలిగింది.